తడిక వెనక మాట

ఆ ఏడాది, క్రీస్తు లేచిన పాస్కా పండగకు ముందొచ్చే తపస్సుకాలంలో, మా కొండమీది ఆడవాళ్ల పాపాలన్నీ నా చెవిన పడ్డాయి. నేను గురువును కాను, మఠంలో ఉండే అమ్మనూ కాను. ఉపదేశి భార్యను, అంతే. వాటిలో ఒక్కదాని గురించే ఇప్పుడు చెబుతాను. అదైనా, ఆ పాపం చెప్పుకున్న మనిషే తరవాత పదిమందిలో బయటపెట్టింది కాబట్టి చెబుతున్నాను. మిగతావి నాతోపాటే మట్టిలోకి వస్తాయి. ఎవరైనా అడుగుదామనుకుంటే ఆ శ్రమ పడొద్దు.

నాకు అనుమానం ఎక్కువ. పెళ్లయిన కొత్తలోనే మా అత్త, "ఈ గుంటకి దాని నీడని సూసినా అనుమానమే" అనేసింది. ఆమె అబద్ధం ఆడలేదు. మా నాన్న సంతల్లో ఉప్పు, పొగాకు అమ్మేవాడు. ఎవడు తూకం దగ్గర చెయ్యి పెడుతున్నాడో చూస్తూ పెరిగినదాన్ని. ఆ తిరుగుడులోనే కొండవాళ్ల కువి భాష నాకు తెలుగంత సుళువుగా వచ్చింది. మా ఆయన దైవాధీనం మైదానం మనిషి. ఆయన కువి నేర్చుకున్నది నా దగ్గరే.

జి.మాడుగులకు పైన గుమ్మలగొందిలో మా కతోలిక గుడి. పూజ చేసే గురువు, అంటే స్వాములు, లేనప్పుడు ప్రార్థనలు చెప్పించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, చావుకూ పుట్టుకకూ ముందు నిలబడటం, అన్నీ ఉపదేశిగా మా ఆయన పనులే. స్వాములు వచ్చినప్పుడు, తెలుగు రానివాళ్లు తమ పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేస్తుంటే మధ్యలో కూర్చుని వాళ్ల మాట తెలుగులో చెప్పేవాడు. తిరుసభ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కానీ మధ్యలో కూర్చున్నవాడికి కూడా స్వాములకున్న కట్టే ఉంటుంది. విన్నది చచ్చేదాకా నోట రాకూడదు.

అవి దొరల మీద కొండవాళ్లు తిరగబడిన పితూరీ రోజులు. లంబసింగి దగ్గర పోలీసుల డేరాలు ఉండేవి. తలమీద ధాన్యం బుట్టతో ఎవరు కనిపించినా ఆపి, పితూరీ వాళ్లకు మోస్తున్నావా అని అడిగేవారు. ఎవరింటికి చుట్టం వచ్చినా పక్కింటివాళ్లు తొంగి చూసేవారు. అనుమానం అప్పుడు నా ఒక్కదాని జబ్బు కాదు.

సరిగ్గా అప్పుడే, జబ్బుచేసి వెళ్లిపోయిన దొర స్వాముల స్థానంలో రాయప్ప స్వాములు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మనలాగే నల్లనివాడు, నాకంటే చిన్నవాడు. దొరల చోటికి మనవాడిని పంపారంటే కింద ఏదో తప్పు చేసి ఉంటాడనుకున్నాను. వంట చేసి పెడుతూనే ఏం తప్పు చేశాడా అని ఆయన ముఖంలో వెతికేదాన్ని.

మొదటి ఆదివారమే ఆయన గుడి మధ్యలో కట్టిన వెదురును ఊడపీకించాడు. వెదురుకు ముందువైపు చాపల మీద మైదానం నుంచి వచ్చిన కుటుంబాలు కూర్చునేవి. వెనకాల, చూరు కింద, కొండవాళ్లు నిలబడేవారు. పూజ లాటిన్‌లోనే చెప్పాడు, అది తప్పదు. చెప్పాక సువార్తను తెలుగులో చదివి, నా వైపు తిరిగి, "వరమ్మగారూ, ఇప్పుడు దీన్ని మీరు కువిలో చెప్పండి" అన్నాడు.

మా ఆయన ముఖం మాడిపోయింది. స్వాములు భోజనానికి మా ఇంటికి రాగానే అడిగాడు.

"స్వామీ, గుడిలో ఆడమనిసి నోరిప్పడం ఏటి? కొండబాస ఏటి? తమరు కొత్తోరు. పెద్దలకి తెలిస్తే మాట వస్తాది."

"దేవుడికి కువి రాదంటారా, ఉపదేశిగారూ?"

"దేవుడికి అన్నీ వస్తాయి స్వామీ. పెద్దలకే రాదు."

స్వాములు నవ్వాడు. రోములో ఉన్న పెద్దగురువులే, ఏ దేశానికి ఆ దేశపు గురువులు కావాలంటున్నారనీ, మనం ఇంకా చాపల దగ్గరే ఆగిపోయామనీ అన్నాడు. "క్రీస్తు ఎవరి భాషలో మాట్లాడాడు? జాలరుల భాషలో. మనమే ఆయన్ని దొరను చేసి కుర్చీలో కూర్చోబెట్టాం" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఇంత బాగా మాట్లాడేవాడికి మా కొండమీద ఏం పని అని నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

ముందు చాపల మీద కూర్చునే కుటుంబాల నుంచి పైకి ఫిర్యాదులు వెళ్లాయి. వానలు ముదిరేసరికి ఆయన్ని వెనక్కి పిలిపించారు కూడా. తరవాత వచ్చిన స్వాములు ఆ వెదురును మళ్లీ కట్టించాలని చూశాడు. ఊళ్లో ఎవరూ వెదురు నరికి తేలేదు.

తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం తరవాత రాయప్ప స్వాములు ఇంకో మాట తెచ్చాడు. "పాపసంకీర్తనానికి వచ్చిన ఆడవాళ్లు మోకాళ్లు ఆనకముందే లేచిపోతున్నారు. ఊళ్లో మగవాడి చెవిలో పడి రావాలంటే దేవుడి దగ్గరికైనా ఎవరొస్తారు? ఇకనుంచి ఆడవాళ్లకు వరమ్మగారు కూర్చుంటారు." సువార్త పుస్తకం మీద నా చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించాడు. మా ఆయన బయట రాట పట్టుకుని నిలబడ్డాడు.

నాకు భయమేసింది, గర్వంగానూ ఉంది. రెండూ నిజమే. వెదురు తడికకు అటుపక్క స్వాములు, ఇటుపక్క నేనూ, పాపం చెప్పుకునే ఆడమనిషీ. వారం తిరక్కుండా ఊరి మగవాళ్లు నాకు దారివ్వడం మొదలుపెట్టారు. ఎప్పుడూ పలకరించనివాళ్లు, "ఏటి పిన్నీ, బాగున్నావా" అని అడిగి, నా కళ్లలోకి చూసి, బేగి తల దించుకునేవారు. ఏ ఇంటి ముందు నుంచి వెళ్లినా గుమ్మడికాయో, గుడ్లో చేతిలో పెట్టేవారు. నేను ఏమీ తీసుకునేదాన్ని కాదు.

తపస్సుకాలం సగంలో సుక్రి వచ్చింది.

సుక్రి మొగుడు బుధు. కిందటేడు పాస్కా ముందు పోలీసులు అతన్ని పట్టుకుపోయారు, విశాఖపట్నం జైల్లో జ్వరమొచ్చి పోయాడు. అప్పట్నుంచి సుక్రి గుడికి రాలేదు. వచ్చి తడిక ముందు మోకాళ్లూని, నా మొహంలోకి సూటిగా చూస్తూ మొదలుపెట్టింది. ఆమె కువిలో చెప్పినదాన్ని నేను ఒక్కో మాటే తడికలోంచి అందించాను.

"ఒక మనిసిని సంపాలని ఉన్నాది స్వామీ."

"ఎందుకమ్మా?"

"నా మొగుడు పితూరీ వోల్లకి తిండికని గంటె గింజలు మోసినాడు. ఆ పాపం కిందటేడు ఈ తడిక కాడే సెప్పుకున్నాడు. దొర స్వాములకి సెప్పినాడు. మద్దిన ఒక్క మనిసే ఉన్నాడు. తరవాత పోలీసులు సూటిగా మా ఇంటికే వచ్చినారు, గంటె గింజలు దాసిన గొయ్యి కాడికే ఎల్లినారు. ముషిణి గింజలు నూరి ఉంచినాను. ఆడికి పెట్టి సంపుతాను."

ఎవరికి అని స్వాములు అడిగితే సుక్రి కువిలో "దీని మొగుడికి" అని నన్ను చూపించింది. తడికకు అటువైపు అది కనిపించదు. "ఉపదేశికి స్వామీ" అన్నాను. మనిషి మారకుండా చెప్పాను.

తరవాత స్వాములు, ఆ తలంపు వదులుకుంటేనే పాపవిమోచనం ఇవ్వగలనన్నాడు. నేను చెప్పాను. వదులుకోలేనని సుక్రి అంది. అదీ చెప్పాను. ఆమె లేచి పోయింది. ఆ వెనకే ఇంకొకామె వచ్చి కూర్చుంది. ఆమె పాపం కూడా చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ముషిణి గింజలు కొండల్లో పిచ్చికుక్కలకు పెడతారు. ఆ చావు నేను చూశాను. ఆ చావు నా మొగుడికి రాసిపెట్టి ఉందని నాకు తెలుసు. నోరు విప్పి ఆయనకు చెప్పడానికి లేదు.

మర్నాడు నీళ్లకు వెళ్తే గెడ్డ దగ్గర స్వాములు ఒక్కడే కనిపించాడు. బిందె దించి దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయన చెయ్యెత్తాడు.

"వరమ్మగారూ, అక్కడ విన్నది నాతో కూడా మాట్లాడకూడదు. నేనూ మీతో మాట్లాడకూడదు."

"మరి మనిసి పేనం పోతే?"

"అప్పుడూ అంతే."

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోలేదు. నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్లకు గౌరవం, కొండభాషకు గౌరవం అంటూ నన్ను పైకెత్తి, తీరా నా మెడకు ఉరి తగిలించాడు. ఇంకా పాడు ఆలోచన కూడా వచ్చింది. ఈయనకు ముందే ఏదో తెలిసి, మా ఆయన గుట్టు లాగడానికే నన్నక్కడ కూర్చోబెట్టాడేమో అనుకున్నాను. ఆ ఆలోచన తప్పో ఒప్పో ఈనాటికీ తేల్చుకోలేదు.

సుక్రి మీదా అనుమానమే. చంపదలచుకున్నది చడీచప్పుడు లేకుండా చంపుతుంది గాని, చంపబోయేవాడి పెళ్లానికి చెబుతుందా? అది పాపం చెప్పుకోవడమా, నాకు కబురు పెట్టడమా? లేక మా ఆయన మీద నిందే అబద్ధమా? గొయ్యి సంగతి పోలీసులకు ఇంకెవరైనా చెప్పి ఉండొచ్చు కదా. అలా అనుకున్నప్పుడల్లా కొంచెం ఊపిరాడేది.

అప్పట్నుంచి మా ఆయన నోట్లోకి పోయే ప్రతి ముద్దా నా చేతి వంటే. ఎవరింటికైనా ప్రార్థనకు వెళ్తే వెనకే వెళ్లేదాన్ని. అంబలి ఇస్తే, "ఆయనకి కడుపు బాగోలేదు" అని నేను అందుకుని పారబోసేదాన్ని. ఒకసారి గాసి జీలుగు కల్లు దొప్పలో పోసి ఇస్తే చెయ్యి తగిలినట్టు ఒలకబోశాను. గాసి సుక్రికి తమ్ముడు. ఖాళీ దొప్ప వైపూ, నా వైపూ చూసి వెళ్లిపోయాడు.

"ఏటే, సంటోడికి కాపలా కాసినట్టు కాత్తన్నావు?" అన్నాడు మా ఆయన. "స్వాములు నీకేటైనా సెప్పినాడా? తడిక కాడ ఏటి ఇంతన్నావు నువ్వు?"

"ఇన్నది ఇన్నట్టే మర్సిపోతన్నాను."

"నాకాడ కూడానా?"

"నీకాడ కూడానే. నువ్వు నాకు ఎప్పుడైనా సెప్పినావా?"

ఆయన మాట మార్చేశాడు. నేను ఆ మార్చడాన్నే పట్టుకుని పడుకున్నాను.

పాస్కాకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు లంబసింగి నుంచి జమేదారు వచ్చాడు. ఆ పోలీసు మా అరుగెక్కి, కూర్చోమని అనకముందే తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి పీట లాక్కున్నాడు. మా పీట తలుపు వెనక ఉంటుందని వచ్చీపోయేవాళ్లకు తప్ప తెలియదు. నేను ఇంట్లో ఉండగా అతను ఏనాడూ రాలేదు. నేను సంతకు వెళ్లే రోజులన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

"కొండోల్ల ఆడోల్లకీ స్వాములకీ మద్దిన నువ్వే కూకుంటన్నావంటగా, అమ్మా? ఏటంటన్నారు? ఎవులింటికాణ్నుంచి తిండిగింజలు అడివిలోకి ఎల్తన్నాయి?"

"నాకు మతిమరుపు బాబూ. తడిక దాటితే ఏటీ గేపకం ఉండదు."

జమేదారు నవ్వలేదు. మా ఆయనే అవసరం లేనంత గట్టిగా నవ్వాడు. అతను వెళ్లాక మెల్లగా అన్నాడు. "ఏదో సిన్న మాట సెప్పీవలసింది. ఊరి మీదకి రాకుండా ఉంటాది."

చేటలో బియ్యం చెరుగుతున్నదాన్ని ఆపేశాను. ఆయన అప్పటికే అటు తిరిగి కండువా దులుపుకుంటున్నాడు. ఇరవై ఏళ్లు ఆ వీపు చూశాను. ఆ రోజు దాన్ని చూడబుద్ధి కాలేదు. అయినా ఆ పూట కూడా అన్నం నేనే వండి, నేనే ముందు రుచి చూసి పెట్టాను.

మా కొండల్లో చైత్రమాసం వేటకు ఒక పద్ధతుంది. దొరికిన జంతువు మాంసం ఊళ్లో ఉన్న ప్రతి పొయ్యికీ అడ్డాకుల్లో చుట్టి వాటా పంపుతారు. వాటా తిప్పి పంపిన ఇంటికి, రేపు చావు వచ్చినా పాడె మొయ్యడానికి ఎవరూ రారు. మా ఆయన ఏటా తిప్పి పంపేవాడు, అన్యదేవతల వేట అని. రాయప్ప స్వాములు ఊరి పెద్దల్ని బతిమాలి ఆ ఏడు వేటను పాస్కా పండగ మర్నాటికి మార్పించాడు. పండగ పూజలో అందరికీ వినబడేలా అన్నాడు. "వాళ్ల వాటా తోసేసి మనం ఇక్కడ ఒకే రొట్టె పంచుకుంటున్నామని ఎలా చెప్పుకుంటాం? రేపు వాటా వస్తే తీసుకోండి. ముందు మా ఉపదేశిగారు తీసుకుంటారు."

దాన్ని కువిలో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆడవాళ్ల గుంపులోంచి సుక్రి నన్నే చూస్తోంది.

మర్నాడు అడవిపంది పడింది. పొద్దు వాలకముందే డప్పులతో ఊరంతా మా అరుగు ముందుకు వచ్చింది. స్వాములు అరుగుమీద కూర్చున్నాడు, పక్కన మా ఆయన. మా ఇంటి వాటా పట్టుకొచ్చింది సుక్రి. గాసి వేసిన బాణానికే పంది పడిందట, అందుకని వాళ్లింట్లోనే కాల్చి తెచ్చారు. అడ్డాకు విప్పి మా ఆయన ముందు పెట్టింది.

స్వాముల వైపు చూశాను. ఆయన పెదవులు ఆడుతున్నాయి, ప్రార్థనలో ఉన్నాడు. ఆయనా నాలాగే చిక్కుకుపోయాడని అప్పుడే తెలిసింది. చెయ్యి ఎత్తి ఆపడానికి కూడా లేదు ఆయనకు.

మా ఆయన ఇష్టం లేకుండానే ఒక ముక్క తీశాడు. నోటిదాకా తీసుకెళ్లాడు. నేను ఆ ముక్కను ఆయన వేళ్లలోంచి లాక్కుని తిన్నాను.

ఇప్పుడు తలచుకుంటే ఏం ఆలోచించి తిన్నానో తెలియదు. చెప్పకూడదన్నారు గాని, తినకూడదనలేదు. నమిలి మింగాను. డప్పులు ఆగిపోయాయి. మా ఆయన ఖాళీ చేతిని అలాగే గాల్లో పెట్టుకుని నన్ను చూశాడు, సుక్రిని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"బుధు సంగతి నీకెవులు సెప్పినారు?" అన్నాడు.

అక్కడ బుధు పేరు ఎవరూ ఎత్తలేదు.

సుక్రికి తెలుగు రాదు గాని మొగుడి పేరు వినబడింది. ముందుకు వచ్చి ఆ ఆకులోంచే ఒక ముక్క తీసి తను తిన్నది. తరవాత గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. స్వాములు నన్ను చూసి, "ఆమె అందరిముందూ చెబుతోంది. చెప్పండమ్మా" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఆమె చెప్పినట్టే చెప్పాను, నా మొగుడి ముందే, నా మొగుడి వైపు వేలు చూపిస్తూ.

"నా మొగుణ్ణి పట్టించినోడు ఈడే. ఈడికి ఇసం పెడదామనుకున్నాను. ఆ మాట తడిక కాడ ఈడి పెల్లానికే సెప్పినాను. బయటకి పొక్కితే ఈడు పోలీసుల్ని నా ఇంటికి తెత్తాడు, అప్పుడు గుడి వోల్లంతా ఒకటేనని తెలిసిపోతాది అనుకున్నాను. రోజూ దోవకేసి సూసినాను. ఎవులూ రాలేదు. ఈమె ఈడి కూడుకి కాపలా కాసినాది గాని నా పేరు సెప్పలేదు. నిన్న గింజలు గెడ్డలో పారేసినాను."

చివరి మాట తెలుగులో చెప్పి అరుగుమీద కూర్చున్నాను. ఏడ్చాను. ఎవరికోసం ఏడ్చానో అడిగితే చెప్పలేను. గాసి అక్కను భుజం పట్టుకుని తీసుకెళ్లాడు. జనం ఒక్కొక్కరే కదిలారు. మా ఆయన వైపు ఎవరూ రాయి విసరలేదు, ఉమ్మలేదు. అడ్డాకు మాత్రం మా ముందే ఉంచి వెళ్లారు.

అందరూ పోయాక ఆయన తల వంచుకునే చెప్పాడు. "ఊరు తగలెట్టేత్తామన్నారే. గుడి కూడా. ఒక్క పేరు సెప్పమన్నారు. ఒక్క మనిసితో పోతాది అనుకున్నాను."

"మరి అతను దేవుడికి సెప్పుకున్న మాటే దొరికినాదా నీకు?"

ఆయన గుడిలోకి వెళ్లాడు. స్వాములూ ఆయనా ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాలని కూడా లేదు. మా ఆయన బయటికి వచ్చి కండువా తీసి రాటకు తగిలించి, తనే చెప్పాడు. ఈ పాపం మన్నించడం రాయప్ప స్వాముల చేతిలో లేదట. విశాఖపట్నంలో ఉండే పెద్దస్వాముల దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలట.

తెల్లవారి మూట కట్టుకున్నాడు. గంటె రొట్టెలు చేసి మూటలో పెట్టాను. గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చాడు. వెళ్లడానికి భయపడుతున్నాడనుకున్నాను. ఏదో అడగాలని నోట్లోనే నలుపుకుంటున్నాడు.

"పెద్దస్వాములు దొర. తెలుగు రాదంట. నాను సెప్పింది ఆరికి సెప్పడానికి మద్దిన ఎవులో ఒకడు కూకుంటాడంట."

"అయితే ఏటి?"

"ఆడు బయట ఎవులికైనా సెప్పీసినాడంటే ఏటి సేసేది, వరమ్మా?"

ఆయన కళ్లలో నిజమైన భయం ఉంది. ఆ భయం నాకు కొత్త కాదు. తడిక దగ్గర మోకాళ్లూనిన ప్రతి ఆడమనిషి కళ్లలోనూ చూశాను. ఆయనా చూసే ఉంటాడు. బుధు కళ్లలో కూడా చూసే ఉంటాడు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"సెప్పడులే," అన్నాను. "ఎల్లు."